వ్యాపారం ఎదుగుదలకు యజమానే అడ్డుపడే చోట్లు

మీ ప్రశ్న సారాంశం ఇది. వ్యాపారం మొదలుపెట్టి 8 ఏళ్లయింది, 14 మంది పనిచేస్తున్నారు. మొదటి 5 ఏళ్లు ఏటా పెరిగిన అమ్మకాలు గత 3 ఏళ్లుగా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్లు ఉన్నాయి. మీరు రోజుకు 12 గంటలు పనిచేస్తున్నారు. "మా వాళ్లెవరూ బాధ్యత తీసుకోరు, ప్రతిదీ నేనే చూసుకోవాలి. మా తమ్ముడిని మేనేజరుగా తెచ్చుకుంటే పరిస్థితి మారుతుందా?" అని అడిగారు.

నేను 22 ఏళ్లు యంత్ర విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ నడిపాను. దాన్ని వేరేవాళ్లకు అప్పగించాక, 11 ఏళ్లుగా చిన్న సంస్థల యజమానుల పక్కన కూర్చుని వాళ్ల లెక్కలు, పనితీరు చూసి సలహా చెబుతున్నాను. మీరు రాసింది చదువుతుంటే నా కళ్లు ఆగింది 'నేనే' అనే మాట దగ్గర. కొటేషన్ నేనే వేస్తాను, కొనుగోళ్లు నేనే చూస్తాను, పెద్ద ఖాతాదారులతో నేనే మాట్లాడతాను, బిల్లు బయటికి వెళ్లేముందు నేనే సరిచూస్తాను అని రాశారు. మీరు దాన్ని మీ కష్టంగా చెప్పుకున్నారు. అమ్మకాలు ఆగిపోవడానికి అసలు కారణం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఇది నింద అనుకోకండి. మొదటి 5 ఏళ్లు మీ సంస్థ బతికి బట్టకట్టింది మీరు అన్నీ చూసుకోబట్టే. లారీ గ్రైనర్ అనే అమెరికా మేనేజ్‌మెంట్ ఆచార్యుడు 1972లో సంస్థల ఎదుగుదల గురించి ఒక వ్యాసం రాశాడు. సంస్థ ఒక దశలో ఏ పద్ధతి వల్ల పెరుగుతుందో, తర్వాతి దశలో అదే పద్ధతి దానికి సంకటంగా మారుతుందని అందులో చెప్పాడు. స్థాపకుడి చొరవతో మొదలైన సంస్థ కొంత పెరిగాక నాయకత్వ సంకటంలో పడుతుంది. దాన్ని గట్టి అజమాయిషీతో దాటుతుంది. ఆ తర్వాత కింది వాళ్లకు స్వేచ్ఛ చాలక మళ్లీ ఆగుతుంది. యాభై ఏళ్లు దాటినా ఈ వరుస నేను చూసిన చాలా చిన్న సంస్థలకు అతికినట్లు సరిపోతుంది. మీరు ఇప్పుడు ఆ రెండో మలుపు దగ్గర ఉన్నారు.

ఒక రోజు ఎలా గడుస్తుందో దగ్గరగా చూద్దాం. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ యజమాని గదిలో వారం రోజులు కూర్చున్నాను. సోమవారం ఉదయం పది గంటలకు ఒక పాత ఖాతాదారు నుంచి ధర అడుగుతూ ఉత్తరం వచ్చింది. కొటేషన్లు తయారుచేసే అమ్మాయి 40 నిమిషాల్లో లెక్క వేసి, కాగితం ముద్రించి యజమాని బల్ల మీద ఫైలులో పెట్టింది. ఆయన అప్పుడు ఫోనులో ఉన్నారు. తర్వాత సరుకు దిగుతోందంటే గోడౌనుకు వెళ్లారు. మంగళవారం బ్యాంకు పని, బుధవారం ఒక యంత్రం మరమ్మతు. గురువారం మధ్యాహ్నం ఆ ఫైలు తెరిచి, సరుకు అందించే గడువును 10 రోజుల నుంచి 12 రోజులకు మార్చి సంతకం చేశారు. ఆయన చేసిన మార్పు అదొక్కటే. కొటేషన్ వెళ్లేసరికి ఖాతాదారు బుధవారమే ఇంకొకరికి ఆర్డరు ఇచ్చేశాడు. ఆ వారం ఆ బల్ల మీద అలాంటి ఫైళ్లు 19 ఉన్నాయి. ఆ యజమాని బద్ధకస్తుడు కాదు. మధ్యాహ్న భోజనం కూడా నిలబడి చేసే మనిషి.

దీని వెనక ఒక లెక్క ఉంది. ఆగ్నర్ ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, వరుసలో నిలబడే కాల్స్ గురించి 1909 నుంచి పరిశోధన ప్రచురించాడు. క్యూల గణితం అంతా అక్కడి నుంచే పెరిగింది. దానిలో సులువైన సూత్రం ఒకటి చూడండి. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పడుతూ, ఒక్కో పనికి పట్టే సమయం కూడా మారుతూ, చేసే మనిషి ఒక్కరే అయినప్పుడు, ఆ మనిషి సమయంలో సగం నిండితే వచ్చిన పని సగటున ఒక పని చేసేంత సేపు ఆగుతుంది. 80 శాతం నిండితే అంతకు 4 రెట్లు, 90 శాతానికి 9 రెట్లు, 95 శాతానికి 19 రెట్లు ఆగుతుంది. అంటే మీరు ఒక్కో విషయం 10 నిమిషాల్లో తేల్చేవారే అనుకున్నా, మీ రోజు 95 శాతం నిండి ఉంటే ఒక్కో విషయం సగటున 190 నిమిషాలు మీ కోసం ఎదురుచూడాలి. నిజ జీవితంలో ఇంకా ఎక్కువే అవుతుంది, ఎందుకంటే మీరు బయటికి వెళతారు, ఒంట్లో బాగోలేని రోజులూ ఉంటాయి.

యజమానులు ఈ లెక్కను తిరగేసి అర్థం చేసుకుంటారు. పని పేరుకుపోతోంది కాబట్టి ఇంకో గంట ఎక్కువ కూర్చోవాలనుకుంటారు. మీరు 12 గంటలను 13 చేస్తే కొన్నాళ్లు కాస్త ఊపిరి ఆడుతుంది. ఆ వెసులుబాటు చూసి ఇంకో నాలుగు ఆర్డర్లు వస్తాయి, మళ్లీ 95 శాతం. మీ సంస్థ మూడేళ్లుగా ఒకే అంకె దగ్గర ఆగడానికి ఇదే కారణమని నేను బలంగా నమ్ముతున్నాను. ఆ అంకె మీ బజారు పరిమితి కాకపోవచ్చు. మీ బల్ల ఎంత మోయగలదో దాని పరిమితి అది.

ఇప్పుడు "ఎవరూ బాధ్యత తీసుకోరు" అన్న మాటకు వస్తాను. ఈ మాట నేనూ ఏళ్ల తరబడి అన్నాను. మా సూపర్‌వైజర్ ఒకసారి నన్ను అడగకుండా ఒక ఖాతాదారుకు సరుకును రెండు విడతలుగా పంపడానికి ఒప్పుకున్నాడు. రవాణా ఖర్చు రెండింతలైంది. నాకు కోపం వచ్చి అందరూ ఉండగా నిలదీశాను. అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి ప్రతిదానికీ నా గది గుమ్మం దగ్గర నిలబడేవాడు. "ఈ పెట్టెలు ఈరోజు పంపమంటారా? నూనె డబ్బా తెప్పించమంటారా?" ఆరు నెలలు అలాగే గడిచింది. అతనికి చొరవ లేదని నేను ఇంట్లో కూడా చెప్పుకున్నాను. తర్వాత ఆ ఖాతాదారే ఒక మాటల సందర్భంలో చెప్పాడు, ఆ రోజు విడిభాగాలు లేక వాళ్ల యంత్రం ఆగిపోయిందని, మొదటి విడత వెంటనే రాకపోతే మా ఖాతా మూసేద్దామనుకున్నామని. సూపర్‌వైజర్‌కు అది తెలుసు. నేను అడగలేదు, అతను చెప్పే అవకాశం నేను ఇవ్వలేదు.

మనుషులు చాలా త్వరగా నేర్చుకుంటారు. అడిగి చేస్తే తప్పు యజమానిది, అడక్కుండా చేస్తే తప్పు తనది అని ఒక్కసారి తెలిసిందంటే, నీరు పల్లమెరుగు అన్నట్లు ఆ తర్వాత ప్రతి ప్రశ్నా మీ వైపే పారుతుంది. మీరు రాత్రి కూర్చుని కొటేషన్లో ఒక అంకె దిద్దుతారు, ఉత్తరంలో ఒక వాక్యం మారుస్తారు. దిద్దినందుకు కారణం చెప్పరు, చెప్పేంత తీరిక ఉండదు. ఎలాగూ ఆయన మారుస్తారు కదా అని అవతలి మనిషి ఈసారి ఇంకాస్త తేలిగ్గా చేసి పంపుతాడు. అప్పుడు మీకు నిజంగానే తప్పులు కనబడతాయి, మీ నమ్మకం ఇంకా తగ్గుతుంది. ఈ చక్రాన్ని మొదలుపెట్టింది ఎవరని వెతకడం వల్ల లాభం లేదు. ఆపగలిగింది మాత్రం మీరొక్కరే, ఎందుకంటే వాళ్ల చేతిలో ఆ అధికారం లేదు.

మన దగ్గర ఉన్నవాళ్ల విలువ మనకు కనిపించదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది సామెత. ఆరేళ్లుగా మీ దగ్గర ఉన్న గుమాస్తా ఇచ్చిన సలహాను పక్కన పెట్టి, అదే సలహాను బయటినుంచి వచ్చిన నాలాంటి వాడు చెబితే తల ఊపుతారు. నేను ఒక సంస్థకు వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు పనివాళ్లతోనే మాట్లాడతాను. తర్వాత యజమానికి చెప్పే వాటిలో చాలా భాగం వాళ్ల నోటి నుంచి విన్నవే. ఎవరు చెప్పారో వాళ్ల పేరుతోనే చెబుతాను.

తమ్ముడి సంగతి. దీనికి నేరుగా సంబంధించిన ఒక పరిశోధన ఉంది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు 2008లో ముంబయి చుట్టుపక్కల 17 వస్త్ర సంస్థల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్నింటికి నిపుణులను పంపి, సరుకు లెక్క, నాణ్యత నమోదు, యంత్రాల నిర్వహణ వంటి మామూలు పద్ధతులు నేర్పించారు. మిగతావాటిని పోలిక కోసం ఉంచారు. నేర్చుకున్న వాటిలో మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో ఫలితాలు ప్రచురించారు. అందులో నన్ను కదిలించిన విషయం వేరే ఉంది. ఏ సంస్థ ఎంత పెద్దదో, దాని నిర్వహణ ఎంత బాగుందన్న దానికంటే, యజమాని కుటుంబంలో ఎందరు మగవాళ్లు ఉన్నారన్న దానితో ఎక్కువ ముడిపడి ఉంది. బయటివాళ్లు సొమ్ము కాజేస్తారన్న భయంతో యజమానులు నిర్ణయాధికారం వాళ్లకు ఇవ్వరు. కాబట్టి ఇంట్లో మనుషులు ఎందరుంటే సంస్థ అంతవరకే. ఆ తర్వాత పెరగదు.

మీ తమ్ముడు సమర్థుడైతే రానివ్వండి. కానీ 'మనవాడు కాబట్టి నమ్మవచ్చు' అన్న ఒక్క కారణంతో తెస్తే, మీరు ఒక బల్లను రెండు బల్లలు చేస్తున్నారు, అంతే. మూడో బల్ల అవసరమైనప్పుడు ఎవరిని తెస్తారు? పైగా ఆరేళ్లుగా పనిచేస్తున్నవాళ్లు, పై మెట్టు రక్తసంబంధానికే రాసిపెట్టి ఉందని ఆ రోజే గ్రహిస్తారు. వాళ్లలో చురుకైనవాళ్లు ముందు వెళ్లిపోతారు. కంప్యూటర్ల రంగంలో పేరున్న వాంగ్ లేబొరేటరీస్‌ను స్థాపించిన ఆన్ వాంగ్ 1986లో తన కుమారుణ్ణి అధ్యక్షుణ్ణి చేశాడు. 1989లో తానే అతణ్ణి తప్పించాల్సి వచ్చింది. 1992లో సంస్థ దివాలా రక్షణ కోరింది. ఆ పతనానికి పర్సనల్ కంప్యూటర్ల రాక వంటి పెద్ద కారణాలు ఉన్నాయి. అయినా తండ్రి చేత్తో కొడుకును పంపించాల్సి రావడం ఆ ఇద్దరికీ ఎంత నరకమో ఆలోచించండి. మీ తమ్ముడితో మీ బంధాన్ని అక్కడిదాకా తీసుకెళ్లకండి.

సొమ్ము పోతుందన్న భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. నాకు పోయింది. మా లేత్ యంత్రాల కింద పడే లోహపు తుక్కును తూచేది, అమ్మేది, డబ్బు తెచ్చి ఇచ్చేది ఒక్క మనిషే. రెండేళ్లపాటు ప్రతిసారీ కొంత తూకం తగ్గించి చూపించాడు. బయటపడిన రోజు నుంచి నేను అన్నీ నా చేతిలోకి తీసుకున్నాను. ప్రతి చెక్కూ, ప్రతి కొనుగోలూ, చివరికి చేతి తొడుగుల లెక్క కూడా. తర్వాతి 3 ఏళ్లు మా అమ్మకాలు అంగుళం కదలలేదు. తుక్కులో పోయినదానికి ఎన్నో రెట్లు ఆ మూడేళ్లలో పోగొట్టుకున్నాను. ఆ పోయినదానికి లెక్క పుస్తకంలో వరుస లేదు కాబట్టి నాకు కనబడలేదు.

తర్వాత ఒక ఆడిటరు నాకు నేర్పించింది చాలా పాత పద్ధతి. ఒకే పనిలోని మూడు మెట్లను ముగ్గురికి పంచాలి. సరుకు కావాలని కోరేవాడు ఒకడు, వచ్చిన సరుకు లెక్కపెట్టి తీసుకునేవాడు ఇంకొకడు, డబ్బు చెల్లించేవాడు మరొకడు. తుక్కు విషయంలో తూకం వేసిన కాగితం నేరుగా లెక్కల మనిషికి, డబ్బు నేరుగా బ్యాంకుకు. నెలకోసారి ఏదో ఒక రోజు, ముందుగా చెప్పకుండా నేను ఒక పద్దు తీసి మొదటినుంచి చివరిదాకా చూసేవాణ్ణి. అంతకుమించి వేలు పెట్టలేదు. నమ్మకం మనిషి మొహం చూసి పెట్టుకుంటే భయం పోదు. పద్ధతి ఉంటే బయటివాణ్ణి కూడా నిశ్చింతగా నమ్మవచ్చు.

ధరల గురించి మీరు అడగలేదు. కానీ "పోటీ ఎక్కువ కాబట్టి తగ్గించి ఇస్తున్నాం" అని ఒక వాక్యం రాశారు. దాని మీద కాసేపు ఆగాలి. మీరు 100కి అమ్మేదాని మీద నేరుగా పడే ఖర్చు 70 అనుకుందాం. 30 మిగులుతుంది. 10 శాతం తగ్గించి 90కి ఇస్తే మిగిలేది 20. ఇదివరకు 100 వస్తువులు అమ్మితే వచ్చిన మిగులు రావాలంటే ఇప్పుడు 150 వస్తువులు అమ్మాలి. సగం ఎక్కువ పని, సగం ఎక్కువ సరుకు, సగం ఎక్కువ ఫిర్యాదులు, అన్నీ ఇప్పటికే నిండిపోయిన మీ బల్ల మీదికి. అదే ధరను 110 చేస్తే మిగులు 40. 75 అమ్మినా పాత మిగులు వచ్చేస్తుంది. అంటే ప్రతి నలుగురిలో ఒకరు వెళ్లిపోయినా మీకు నష్టం లేదు.

ధర పెంచమని అందరికీ చెప్పను. కానీ చాలామంది యజమానులు ధర పెంచకపోవడానికి కారణం ఖాతాదారులు కాదు, తమ మనసులో ఉన్న మొహమాటం. మొదటి ఏడాది ఒక్క ఆర్డరు కోసం తిరిగిన రోజులు వాళ్లకు గుర్తుంటాయి. ఆ రోజు తమకు పని ఇచ్చినవాణ్ణి ఎనిమిదేళ్ల తర్వాత కూడా అదే ధరకు మోస్తూ ఉంటారు. కృతజ్ఞత మంచిదే. దాన్ని మీరు మీ సమయంతో, మీ సేవతో తీర్చుకోండి. ఒక్కో ఖాతాదారు మీద నిజంగా ఎంత మిగులుతోందో ఒక కాగితం మీద రాయించండి. మీకు బాగా దగ్గరైన ఇద్దరి మీద ఏమీ మిగలడం లేదని బయటపడితే నేను ఆశ్చర్యపోను.

నగదు విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ సంస్థ ఇప్పుడు ఆగి ఉంది, ఈ చిక్కు మళ్లీ పెరగడం మొదలయ్యాక వస్తుంది. రోజుకు 100 అమ్మి దానిలో 70 ఖర్చుపెట్టే సంస్థ అనుకోండి. సరుకు 30 రోజులు గోడౌనులో ఉంటుంది, ఖాతాదారు 60 రోజులకు చెల్లిస్తాడు, మీరు సరఫరాదారుకు 15 రోజుల్లో కట్టాలి. మధ్యలో 75 రోజుల ఖర్చు, అంటే 5250, మీ డబ్బు ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు సగం పెరిగితే ఇంకో 2625 కావాలి. పాత మిగులు రోజుకు 30 చొప్పున చూస్తే అది దాదాపు 88 రోజుల మిగులు, అదీ జీతాలు, అద్దె తీయకముందు. లాభాల్లో ఉంటూనే చేతిలో డబ్బు లేక మూతపడే సంస్థలు ఇలాగే మూతపడతాయి. యజమాని చేసే పొరపాటు ఇక్కడ రెండు రకాలు. బకాయి అడగడానికి సిగ్గుపడటం ఒకటి. ఇంటి ఖర్చుకూ సంస్థ ఖర్చుకూ ఒకే ఖాతా వాడటం రెండోది. మీరు ప్రతి నెలా ఒక నిర్ణీత జీతం తీసుకోండి. మీ జీతం లెక్కలో లేకపోతే మీ సంస్థకు లాభం ఉందో లేదో మీకు తెలియదు. మీ పనికి ఒక మేనేజరును పెట్టుకోగల స్తోమత ఉందో లేదో కూడా తెలియదు.

ఒకే ఖాతాదారు మీద ఆధారపడటం కూడా అలాంటిదే. అంతర్జాతీయ లెక్కల ప్రమాణాల ప్రకారం, షేర్లు బజారులో ఉన్న కంపెనీలు తమ రాబడిలో 10 శాతం లేదా అంతకు మించి ఒకే ఖాతాదారు నుంచి వస్తే ఆ సంగతి బయటపెట్టాలి. వేలమంది పనిచేసే కంపెనీకే 10 శాతం చెప్పుకోవలసినంత పెద్ద విషయం అయితే, మీ రాబడిలో 45 శాతం ఒక్కరి నుంచే వస్తోందని మీరు రాసింది చదివి నాకు గుండె బరువెక్కింది. ఆయన మంచివాడే కావచ్చు. రేపు ఆయన కంపెనీలో కొనుగోళ్ల అధికారి మారవచ్చు. కొత్త ఖాతాదారుల కోసం తిరగడానికి మీకు తీరిక లేకపోవడానికి కారణం కూడా మళ్లీ ఆ నిండిన బల్లే.

ఇంకో రకం అడ్డంకి ఉంది. అది ప్రేమ వల్ల వస్తుంది. హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారును 1908లో తెచ్చాడు. కోటీ 50 లక్షలకు పైగా తయారయ్యాయి. 1920ల మొదట్లో అమెరికాలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం ఫోర్డ్‌వే. ఈలోగా జనం చేతిలో కాస్త డబ్బు ఆడింది, రంగులు కోరుకున్నారు, హాయిగా కూర్చునే కారు కోరుకున్నారు. జనరల్ మోటార్స్ అవన్నీ ఇచ్చింది, వాయిదాల్లో కొనుక్కునే వీలు కూడా కల్పించింది. ఫోర్డ్ తన కారు మీద మమకారం వదులుకోలేకపోయాడు. 1927లో మోడల్ టీని ఆపేసి, కొత్త కారు సిద్ధమయ్యేదాకా నెలల తరబడి కర్మాగారాన్ని మూసుకోవాల్సి వచ్చింది. అంతటి మనిషికే ఆ చూపు మసకబారింది. మీరు స్వయంగా రూపొందించిన, మీకు మొదటి పేరు తెచ్చిన వస్తువు ఏదైనా ఉంటే, దాని గత 3 ఏళ్ల అమ్మకాలు, మిగులు వేరొకరితో లెక్క వేయించండి. మీరు వేస్తే దానికి అనుకూలంగా వేస్తారు. నేనూ అలాగే వేశాను.

ఇక చేయవలసింది. రేపటి నుంచి రెండు వారాలు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరు ఏ నిర్ణయం కోసం మీ దగ్గరికి వచ్చినా ఒక్క వరుసలో రాయండి, ఎవరు, ఏ విషయం, మీరు ఏం చెప్పారు అని. ఆ సమయంలో ఏదీ మార్చకండి. నేను చూసిన సంస్థల్లో ఇలాంటి జాబితాలో సగానికి పైగా నిర్ణయాలు ప్రతిసారీ ఒకే విధంగా తేలేవే. అంటే అక్కడ నిర్ణయం లేదు, ఒక నియమం ఉంది, అది మీ తలలో మాత్రమే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టండి. 'ఈ మొత్తం లోపు కొనుగోలు, పాత సరఫరాదారు, పాత ధర అయితే అడగనక్కరలేదు.' 'మిగులు ఇంత శాతానికి తగ్గకుండా ఉంటే కొటేషన్ అదే రోజు పంపేయాలి.' ఇలా ఓ పది వాక్యాలు చాలు. పెద్ద పుస్తకం రాయించకండి, ఎవరూ చదవరు.

మిగిలిన వాటిలో కొన్నింటికి, అడగడానికి వచ్చిన మనిషినే "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. మొదటి వారం మౌనంగా నిలబడతారు. మీరు ఆ మౌనాన్ని నింపకండి. రెండో వారం సమాధానం తెచ్చుకుని వస్తారు. అది 80 శాతం బాగుంటే అలాగే చేయనివ్వండి. మీ పద్ధతిలో లేదని దిద్దకండి. ఇది రాయడం తేలిక, పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక తప్పు జరుగుతుంది, దానికి డబ్బు ఖర్చవుతుంది. ఆ రోజు మీరు ఏం చేస్తారన్నది 14 మందీ చూస్తారు. గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఏ సమాచారం లేకపోవడం వల్ల ఆ తప్పు జరిగిందో అడగండి. నియమం రాయడంలో లోపం ఉంటే సరిదిద్దండి. నేను సూపర్‌వైజర్ విషయంలో చేసింది చేయకండి.

ఇంకో హెచ్చరిక చేయాలి. పైన చెప్పిన వస్త్ర సంస్థలకు పరిశోధకులు 2017లో మళ్లీ వెళ్లారు. నేర్చుకున్న పద్ధతుల్లో దాదాపు సగం ఆ సంస్థలు వదిలేశాయి. నేర్చుకున్న మేనేజర్లు వెళ్లిపోవడం, యజమానులకు తీరిక లేకపోవడం ప్రధాన కారణాలని తేలింది. అయినా, నేర్చుకోని సంస్థల కంటే అవి మెరుగ్గానే ఉన్నాయి. కాబట్టి ప్రతి నియమం ఇద్దరికి తెలిసి ఉండేలా చూడండి. వారంలో ఒక పూట, ఫోను పక్కన పెట్టి, ఈ పని కోసమే కేటాయించుకోండి. ఎంత పెద్ద ఖాతాదారు వచ్చినా ఆ పూట కదపకండి.

నాలుగు నెలల తర్వాత 10 రోజులు సంస్థకు వెళ్లకుండా ఉండండి. ఎవరికి ఏ అధికారం ఉందో ముందే చెప్పి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తే తప్ప ఫోను చేయవద్దనండి, మీరూ చేయకండి. నేను దీన్ని కావాలని చేయలేదు. కంటి శస్త్రచికిత్స జరిగి 10 రోజులు చదవకూడదు, రాయకూడదు అన్నారు. పదకొండో రోజు వెళ్లేసరికి సూపర్‌వైజర్ ఒక కాగితం నా ముందు పెట్టాడు. నేను లేనప్పుడు తీసుకున్న నిర్ణయాలు 31 రాసి ఉన్నాయి, తేదీలతో సహా. వాటిలో మూడు నేనైతే వేరేగా తేల్చేవాణ్ణి. ఒకదానివల్ల కొంత డబ్బు పోయింది. రెండోదాని వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. మూడోది, ఆరేళ్లుగా మేం వాడుతున్న అట్టపెట్టె కొలత మార్చడం. పెట్టెలో ఖాళీ మిగిలి, దారిలో విడిభాగాలు ఒకదానికొకటి తగిలి గీతలు పడుతున్నాయని ప్యాకింగ్ చేసే అమ్మాయి చాలాకాలంగా చెబుతోందట. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ చేరలేదు. సంస్థను అప్పగించేదాకా మేం ఆ కొత్త పెట్టెలోనే సరుకు పంపాం.